పొగ తాగనివారికీ పొగ జబ్బు

“నేను చుట్ట ముట్టలేదు, బీడీ ముట్టలేదు. నాకు ఊపిరితిత్తుల జబ్బు ఎట్లా వచ్చింది?” యాభై దాటిన తల్లులు డాక్టరు ముందు కూర్చొని తరచుగా అడిగే మాట ఇది. నాలుగు మెట్లెక్కితే దమ్ము వస్తుంది. చలికాలం వచ్చిందంటే తెల్లవారుజామున దగ్గు, కళ్లె. “వయసు మీద పడింది కదా” అని ఇంట్లోవాళ్లు అంటారు, ఆమె కూడా అదే అనుకుంటుంది. అలా ఐదారేళ్లు గడిచాక ఆస్పత్రికి వస్తుంది.

అప్పుడు డాక్టరు తిరిగి ఒక ప్రశ్న అడుగుతారు. “కట్టెల పొయ్యి మీద ఎన్నేళ్లు వండావమ్మా?” పెళ్లయిన నాటి నుంచి ముప్ఫై ఏళ్లు అనుకుందాం. రోజుకు మూడు గంటలు పొయ్యి దగ్గర గడిపితే, ముప్ఫై ఏళ్లకు దాదాపు 33 వేల గంటలు. బీడీ నోట్లో పెట్టుకోకపోయినా అన్ని గంటలు ఆమె పొగ పీల్చింది. ఆ లెక్కను ఇంతవరకు ఎవరూ ఆమెకు చెప్పలేదు, అంతే.

గాలి కాలుష్యం అనగానే మనకు ఢిల్లీ గుర్తుకొస్తుంది, లేదా హైదరాబాదులో ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర ఆగిన ఆటోలు గుర్తుకొస్తాయి. ఇబ్రహీంపట్నం చెరువు గట్టు మీద నిలబడితే గాలి చల్లగా, శుభ్రంగానే అనిపిస్తుంది. కాని చల్లని గాలి అంతా శుభ్రమైన గాలి కాదు. ఈ మాట ఊహించి చెప్పడం లేదు. హైదరాబాదుకు ఆగ్నేయంగా, అంటే మన వైపు ఉన్న పల్లెల్లోనే ఏళ్ల తరబడి మనుషులను పరీక్షించి తెలుసుకొన్న సంగతి ఇది.

ఉప్మాతో మొదలైన పరిశోధన

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ గురించి మీరు వినే ఉంటారు. 1987 నుంచి 1990 వరకు ఆ సంస్థవారు హైదరాబాదు దగ్గరి 29 పల్లెల్లో ఒక పరిశీలన చేశారు. కొన్ని పల్లెల్లో గర్భిణులకు, చిన్నపిల్లలకు అదనపు ఆహారం పెట్టారు. మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో చేసిన ఉప్మా అది. తక్కిన పల్లెలకు ఆ పథకం అప్పటికింకా రాలేదు. తల్లి కడుపులో ఉన్నప్పుడు, పసితనంలో తిండి బాగా అందిన పిల్లలు పెద్దయ్యాక ఎలా ఉంటారన్నది వారి ప్రశ్న. 2003 తర్వాత ఆ పిల్లలను మళ్లీ వెతికి పట్టుకొన్నారు. అప్పటికి వాళ్లు పద్నాలుగు, పదిహేనేళ్ల వయసువాళ్లు. ఆ తర్వాత వారి తల్లిదండ్రులను, తోబుట్టువులను కూడా కలుపుకొని బీపీ, రక్తనాళాలు, ఎముకలు అన్నీ పరీక్షించారు. ఈ పరిశోధనకు ‘ఆంధ్రప్రదేశ్ చిల్డ్రన్ అండ్ పేరెంట్స్ స్టడీ’ అని పేరు.

ఆ పుణ్యాన మన దగ్గరి పల్లెల ఆరోగ్యం గురించి దేశంలో చాలా ప్రాంతాలకు లేనంత సమాచారం పోగైంది. దాని మీద ఆధారపడి స్పెయిన్‌లోని బార్సిలోనా నగరపు ‘ఐఎస్ గ్లోబల్’ పరిశోధన సంస్థ, మన దేశపు శాస్త్రవేత్తలతో కలిసి గాలి సంగతి పట్టుకొంది. దీనికి నాయకత్వం వహించినవారు క్యాథరిన్ టోన్. ఈ పని ఇంగ్లీషు పేరులోని మొదటి అక్షరాలు కలిపితే ‘చాయ్’ అవుతుంది. పేరు పెట్టినవారికి మన ఊళ్ల రుచి తెలిసినట్టుంది! 28 పల్లెల్లో గాలిని కొలిచి, ఏ ఇంటి దగ్గర ఏడాది సగటు ఎంత ఉంటుందో లెక్కగట్టారు. కొందరికి గాలిని కొలిచే చిన్న యంత్రాలు, కెమెరాలు తగిలించి, రోజంతా ఎక్కడ, ఏ పని చేసేటప్పుడు ఎంత పొగ తగులుతోందో కూడా చూశారు.

వారు కొలిచింది ‘పీఎం 2.5’ అనే సన్నని కణాలను. వీటి మందం మన తల వెంట్రుక మందంలో ముప్ఫయ్యో వంతు కూడా ఉండదు. కంటికి కనిపించే దుమ్ము చాలావరకు ముక్కులో, గొంతులో ఆగిపోతుంది. మనం చీదుతాం, ఉమ్ముతాం, అది పోతుంది. ఈ సన్నని కణాలు అలా ఆగవు. ఊపిరితిత్తుల చివర ఉండే గాలి తిత్తుల దాకా పోతాయి. అక్కడ వాపు పుట్టిస్తాయి. ఆ వాపు ప్రభావం రక్తం ద్వారా ఒళ్లంతా పాకుతుంది.

మన వైపు పల్లెల్లో ఇవి ఘనపు మీటరు గాలిలో సగటున దాదాపు 33 మైక్రోగ్రాములు ఉన్నట్టు తేలింది. తక్కువ ఉన్నచోట 24, ఎక్కువ ఉన్నచోట 38. మన దేశం 2009లో పెట్టుకొన్న ఏడాది పరిమితి 40. అంటే చట్టం ప్రకారం ఈ గాలి ‘పాస్’ అయినట్టే. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం 2021లో తన సూచనను 10 నుంచి 5కు తగ్గించింది. ఆ కొలతతో చూస్తే మన పల్లెల గాలిలో ఉండవలసిన దానికన్నా ఆరు రెట్లకు పైగా ఉంది. పాస్ అయిన గాలి కూడా మన ఒంటికి ఏం చేస్తోందో ఈ పల్లెల మనుషులను చూస్తే తెలుస్తుంది. అందుకే ఈ పరిశోధన ముఖ్యమైనది.

మెడలో రక్తనాళం, నడుములో ఎముక

మెడకు రెండు పక్కలా మెదడుకు రక్తం తీసుకుపోయే నాళాలుంటాయి. స్కానింగ్‌తో వాటి గోడ మందం కొలవవచ్చు. గోడ మందమయ్యే కొద్దీ పక్షవాతం, గుండెపోటు ముప్పు పెరుగుతుంది. 2020లో వెలువడిన ఫలితాల ప్రకారం, ఇంటి దగ్గర సన్నని కణాలు ఎక్కువగా ఉన్నవారిలో ఈ గోడ మందంగా ఉండే ధోరణి కనిపించింది. మగవారిలో అది మరింత స్పష్టంగా ఉంది. ఆడవారి విషయంలో వంటగది కూడా లెక్కలోకి వచ్చింది. పొగ బయటికి పోయే దారి లేని చోట కట్టెలతో, పిడకలతో వండే స్త్రీలలో ఈ గోడ సుమారు 6 శాతం ఎక్కువ మందంగా ఉంది. బీపీ సంగతీ అంతే. బయటి గాలిలో కణాలు పెరిగిన కొద్దీ ఆడవారిలో బీపీ కూడా ఎక్కువగా కనిపించింది.

ఆ ఏడాదే వచ్చిన మరో ఫలితం చాలామందికి ఆశ్చర్యం కలిగించింది. 3,717 మందికి నడుము దగ్గర, తుంటి దగ్గర ఎముకల గట్టిదనం కొలిచారు. గాలిలో కణాలు ఎక్కువ ఉన్న చోట నివసించేవారిలో ఎముక కాస్త పలచగా ఉంది. వీరిలో సగానికి పైగా ఇళ్లలో కట్టెలు, పిడకలు వాడేవారే. అయినా ఎముకల మీద ప్రభావం వంట పొయ్యితో కాక బయటి గాలితోనే ముడిపడి కనిపించింది. గాలి కణాలు పుట్టించే వాపు వల్ల ఎముక అరుగుదల పెరగవచ్చని శాస్త్రవేత్తల అభిప్రాయం.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. గాలి చెడ్డగా ఉన్న చోట జబ్బు లక్షణం ఎక్కువగా ఉందన్నంత మాత్రాన, ఫలానా మనిషి జబ్బుకు గాలే కారణమని తేల్చలేము. బీపీ మాత్ర మానేసి “అంతా గాలి వల్లే” అనుకుంటే నష్టపోయేది మనమే. ఉప్పు, షుగరు, పొగాకు, సారా, వీటి పాత్ర పెద్దది. ఆ జాబితాలో గాలి కూడా చేరిందని మాత్రం ఇక మరిచిపోకూడదు. 2019లో మన దేశంలో సుమారు 16.7 లక్షల మరణాలకు గాలి కాలుష్యం కారణమని ‘లాన్సెట్’ పత్రికలలో ఒకటి ప్రచురించిన అంచనా. మొత్తం మరణాల్లో అది 17.8 శాతం. 1990 నుంచి 2019 మధ్య ఇంటి పొగ వల్ల కలిగే మరణాల రేటు 64 శాతం తగ్గిందని ఆ అంచనాలోనే ఉంది. బయటి గాలి వల్ల కలిగే మరణాల రేటు మాత్రం రెట్టింపుకు పైగా పెరిగింది.

మన ఊళ్లో ఈ మార్పు కంటికి కనిపిస్తూనే ఉంది. ఒకప్పుడు పొగంతా పొయ్యిలోనిది. ఇప్పుడు సాగర్ రోడ్డు మీద లారీలు, బొంగులూరు గేటు దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు, ఆదిభట్ల వైపు కంపెనీలు, ఎక్కడ చూసినా కట్టుబడి పనులు. 1987లో పల్లెలుగా ఉన్నవి ఇప్పుడు నగరం అంచులు. 2019లో మొదలైన జాతీయ శుద్ధ వాయు కార్యక్రమం ముఖ్యంగా నగరాలను ఉద్దేశించినది. తెలంగాణలో హైదరాబాదు, నల్గొండ, పటాన్‌చెరు, సంగారెడ్డి ఆ జాబితాలోకి వచ్చాయి. నల్గొండ ఒక పక్క, హైదరాబాదు ఒక పక్క, మధ్యలో మనం.

“గ్యాస్ ఉంది కదా!”

1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం వచ్చింది. 2016లో కేంద్రం ఉజ్వల పథకం తెచ్చింది. ఇప్పుడు చాలా ఇళ్లలో గ్యాస్ పొయ్యి ఉంది. అయితే ఆ పొయ్యి మీద చాయ్, కూర అవుతాయి. స్నానానికి నీళ్లు కాగేది, పండగకు పెద్ద గిన్నెలో అన్నం ఉడికేది, పశువుల కుడితి కాగేది మాత్రం కట్టెల మీదే. పత్తి తీసేశాక చేను గట్టున పత్తి కట్టె ఊరికే దొరుకుతుంది. సిలిండరుకు డబ్బు పెట్టాలి. ఆ లెక్క మాకు తెలియనిది కాదు. దాన్ని తప్పు పట్టడం కోసం ఈ వ్యాసం రాయడం లేదు.

గ్యాసుకు మారితే పొగ ఎంత తగ్గుతుందో తమిళనాడుతో పాటు గ్వాటెమాలా, పెరూ, రువాండా దేశాలలో దాదాపు 3,200 మంది గర్భిణులతో చేసిన ఒక పెద్ద పరిశోధనలో కొలిచారు. కట్టెల పొయ్యి వాడినవారు పీల్చే గాలిలో సన్నని కణాలు 70 మైక్రోగ్రాములుంటే, గ్యాస్ ఇచ్చిన ఇళ్లలో 24కు దిగాయి. మూడింట రెండు వంతులు తగ్గినట్టు. కాని 2022లో ప్రకటించిన ఫలితంలో పుట్టిన బిడ్డల బరువులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. గర్భం వచ్చాక మార్చితే ఆలస్యమైందా, 24 కూడా ఎక్కువేనా అన్న చర్చ సాగుతూనే ఉంది. ఈ ఫలితాన్ని దాచి, గ్యాస్ పెడితే అన్నీ బాగైపోతాయని చెప్పడం మాకిష్టం లేదు. తల్లి కళ్లకు, గుండెకు, ఊపిరికి పొగ తగ్గడం మేలే.

చేతనైనంత వరకు ఇలా చేయండి. ఎక్కువసేపు ఉడికే పప్పు, అన్నం గ్యాస్ మీదికి మార్చండి. కుక్కర్ వాడితే గ్యాస్ ఖర్చు తగ్గుతుంది. కట్టెల పొయ్యి తప్పనప్పుడు దానిని గదిలోంచి తీసి వాకిట్లో లేదా పెరట్లో చూరు కింద పెట్టండి. గదిలోనే ఉండాలంటే పొయ్యి పైన గోడకు కన్నం, ఎదురుగా కిటికీ, రెండూ తెరిచి ఉండాలి. పచ్చి కట్టెలు, తడి పిడకలు వాడకండి. పొయ్యి రాజేయడానికి ప్లాస్టిక్ కవర్లు వేయడం చాలా చెడ్డ అలవాటు. చంటిబిడ్డను చంకనేసుకొని వండకండి. ఆ గంటసేపు నాయనమ్మకో, నాన్నకో ఇవ్వండి. 2024 ఫిబ్రవరిలో మొదలైన మహాలక్ష్మి పథకంలో అర్హులైన కుటుంబాలకు సిలిండరు 500 రూపాయలకు పడేలా రాయితీ ఏర్పాటు చేశారు. మీకు వర్తిస్తుందో లేదో మీ గ్యాస్ ఏజెన్సీలో అడగండి.

ఒక చిన్న సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే దీన్ని ఎవరూ పొగ కింద లెక్కపెట్టరు. దోమల కాయిల్. 2003లో వెలువడిన ఒక పరిశోధనలో ఒక కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే సన్నని కణాలు 75 నుంచి 137 సిగరెట్ల పొగతో సమానమని తేలింది. తలుపులు మూసి, పసిబిడ్డ మంచం కింద కాయిల్ పెట్టే ఇళ్లు మనకు తెలుసు. దోమతెర మేలు.

కంకర దుమ్ము వేరు

గుట్టల దగ్గర క్వారీల్లో, క్రషర్లలో పనిచేసేవారికి వేరే ప్రమాదం ఉంది. రాతి దుమ్ములో సిలికా ఉంటుంది. అది ఏళ్ల తరబడి ఊపిరితిత్తుల్లో పేరుకొని మచ్చలు కడుతుంది. దీనిని సిలికోసిస్ అంటారు. వచ్చాక నయం చేసే మందు లేదు. పని మానేసినా అది ఆగకపోవచ్చు. ఇది ఉన్నవారికి టీబీ త్వరగా అంటుకొంటుంది. ఎక్స్‌రేలో రెండూ ఒకేలా కనిపించి టీబీ అనుకొని మందులిచ్చిన సందర్భాలూ ఉంటాయి. అందుకే డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు “కూలి పని” అని ఊరుకోకండి. ఏ పని, ఎన్నేళ్లు అన్నది చెప్పండి. మూతికి కట్టుకొనే తువ్వాలు, కర్చీఫ్ ఈ సన్నని దుమ్మును ఆపలేవు. రాయి పగలగొట్టే చోట నీళ్లు చల్లుతూ ఉంటే దుమ్ము లేవదు. ముఖానికి సరిగ్గా అతికే ఎన్95 మాస్కు రెండో రక్షణ. నీళ్లు చల్లించడం యజమాని బాధ్యత.

దమ్ము వయసుది కాదు

మొదట్లో చెప్పిన తల్లుల ప్రశ్నకు వద్దాం. ఆ జబ్బును సీఓపీడీ అంటారు. గాలి గొట్టాలు ఇరుకై, ఊపిరి లోపలికి పోయినంత సులువుగా బయటికి రాదు. బీడీ, చుట్ట తాగేవారికి ఇది ఎక్కువ. పొగాకు ముట్టని ఆడవారికి రావడానికి మన దేశంలో ముఖ్య కారణాల్లో ఒకటి పొయ్యి పొగ. పాడైన భాగం తిరిగి మామూలు కాదు. కాని మందుతో దమ్ము తగ్గుతుంది, పొగ మానితే జబ్బు ముదరడం నెమ్మదిస్తుంది. పదడుగులు వేసి ఆగేవారు మళ్లీ బజారుకు నడిచి వెళ్లగలిగితే అది చిన్న విషయమా?

మందు పీల్చే గొట్టం, అంటే ఇన్‌హేలర్, అలవాటైపోతుందని చాలామంది భయపడతారు. అది మత్తుమందు కాదు. మాత్ర మింగితే మందు ఒళ్లంతా తిరుగుతుంది, గొట్టంతో పీలిస్తే కొద్ది మందు నేరుగా కావలసిన చోటికి పోతుంది. ఇంకొక పొరపాటు కూడా తరచుగా జరుగుతుంది. గొట్టంలో పెట్టి పీల్చవలసిన క్యాప్సూల్‌ను నీళ్లతో మింగేస్తారు. నెలంతా మింగి “గుణం లేదు” అంటారు. మందు తీసుకొనేటప్పుడే నర్సు ముందర ఒకసారి పీల్చి చూపించండి. పీల్చాక నోరు పుక్కిలించండి. ఏటా ఫ్లూ టీకా గురించి కూడా డాక్టరును అడగండి.

పసిపిల్లల దగ్గును తేలికగా తీసుకోవద్దు. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీసుకొంటోందో లెక్కపెట్టండి. రెండు నెలల లోపు బిడ్డకు 60, ఏడాది లోపు 50, ఐదేళ్ల లోపు 40, లేదా అంతకన్నా ఎక్కువైతే న్యుమోనియా కావచ్చు. పక్కటెముకల కింద గుంట పడుతున్నా, పాలు తాగకపోయినా రాత్రి అని చూడకుండా తీసుకురండి. పెద్దవారిలో పెదవులు నీలంగా మారినా, మాట పూర్తి చేయలేనంత ఆయాసం వచ్చినా, ఛాతీలో నొప్పి వచ్చినా వెంటనే 108కి ఫోన్ చేయండి.

మూడు వారాలకు మించి దగ్గు ఉన్నవారు, నడిస్తే తోటివారికన్నా ముందుగా దమ్ము వచ్చేవారు, పదేళ్లకు పైగా కట్టెల పొయ్యి మీద వండినవారు ఒకసారి స్పైరోమెట్రీ చేయించుకోవాలి. సూది ఉండదు. గొట్టంలోకి గట్టిగా ఊదడమే. రెండు మూడు సార్లు ఊదిస్తారు, పావుగంట, అరగంట పడుతుంది. ఆ రోజు కడుపు నిండా తిని రాకండి, తేలికగా తినండి. వదులు బట్టలు వేసుకోండి. గంట ముందు నుంచి బీడీ తాగకూడదు. ఇప్పటికే గొట్టం మందు వాడుతుంటే, పరీక్ష రోజు పొద్దున పీల్చాలా, ఆపాలా అని ముందురోజే అడిగి తెలుసుకోండి. పాత ఎక్స్‌రేలు, వాడుతున్న మందులు సంచిలో వేసుకొని తెచ్చుకోండి. దగ్గు మూడు వారాలు దాటినవారు పొద్దున లేవగానే వచ్చే కళ్లెను ఒక డబ్బాలో తీసుకొస్తే టీబీ పరీక్ష కూడా ఆ రోజే అవుతుంది. డబ్బా ముందురోజు లేబొరేటరీలో ఇస్తారు.